ఏ ‘దగ్గర’?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలను ముంచెత్తిన రోజులు పాఠకులు మరచి ఉండరు. అప్పట్లో నీరు గడప దాటకముందే ఒక తల్లి తన కుమార్తె పుస్తకాలను ఎదురింటివారి మేడమీదకు చేర్చారు. బడి తెరిచాక ఆ అమ్మాయి ఇంగ్లీషు నోటుపుస్తకంలో ‘మై బుక్స్ ఆర్ నియర్ అవర్ నైబర్స్’ అని రాసింది. టీచరుగారు ‘నియర్’ కొట్టివేసి ‘విత్’ అని దిద్దారు. “‘దగ్గర’ అంటే ‘నియర్’ కాదా? మాకే తెలియనిది బిడ్డకు ఏమి చెప్పగలం?” అని ఆ తల్లి మమ్మల్ని అడిగారు.

ఆ బిడ్డ పొరపాటుకు కారణం అశ్రద్ధ కాదు. ‘బడి మా ఇంటి దగ్గర ఉంది’ అంటాము. ‘తాళంచెవి నా దగ్గర ఉంది’ అనీ అంటాము. మొదటిది సామీప్యం, రెండవది అధీనం. ఉర్దూలోని ‘పాస్’ కూడా అటువంటిదే: ‘ఘర్ కే పాస్’, ‘మేరే పాస్’. మన ఇళ్లలో ఏ భాష మాట్లాడినా ఈ రెండింటికీ ఒకే మాట సరిపోతుంది. ఇంగ్లీషు మాత్రం వేరుచేసింది. చేరువలో ఉంటే ‘నియర్’. ఒకరి అధీనంలోనో సంరక్షణలోనో ఉంటే ‘విత్’.

మరికొన్ని చోట్ల మన తెలుగే బిడ్డకు తోడ్పడుతుంది. ‘అమ్మీతో బజారుకు వెళ్లాను’, ‘కత్తితో మామిడికాయ కోశాను’ అన్న రెండింటిలోనూ ‘తో’ ఉంది. ఇంగ్లీషులోనూ రెండుచోట్లా ‘విత్’ వస్తుంది. ఉర్దూలో మొదటిదానికి ‘సాథ్’, రెండవదానికి ‘సే’ కావాలి. చలితో వణికినా, ఓర్పుతో విన్నా ‘విత్’ చెల్లుతుంది. ‘నీలి తలుపు గల ఇల్లు’ అనేటప్పుడు ‘గల’ స్థానంలోనూ అదే వస్తుంది.

అలాగని ‘తో’ కనిపించిన ప్రతిచోటా ‘విత్’ పెట్టరాదు. తెలుగులో ఒకరితో వివాహం జరుగుతుంది. ఇంగ్లీషులో ‘మ్యారీడ్ టు’ అనాలి. మనకు ఒకరి మీద కోపం వస్తుంది. ఇంగ్లీషులో అది ‘యాంగ్రీ విత్’ అవుతుంది. ‘ఆన్’ అంటే తప్పు.

ఈ మాట చరిత్ర ఇంకా విచిత్రమైనది. ప్రాచీన ఇంగ్లీషులో ‘విత్’కు ముఖ్యార్థం ‘ఎదురుగా, వ్యతిరేకంగా’ అని. కలిసి ఉండటాన్ని చెప్పడానికి ‘మిడ్’ అనే వేరే పదం ఉండేది. కాలక్రమంలో ‘మిడ్’ మరుగై, దాని పనిని ‘విత్’ చేపట్టింది. ఎదిరించి నిలబడటం అనే అర్థమున్న ‘విత్‌స్టాండ్’లో పాత అర్థం నేటికీ నిలిచి ఉంది. అందుకే ‘ఫైట్ విత్’ అన్నప్పుడు శత్రువుగా పోరాడారా, మిత్రునిగా పక్కన నిలిచి పోరాడారా అన్నది సందర్భాన్ని బట్టి గ్రహించాలి.

ఇటువంటి చిక్కు మన పిల్లలకే పరిమితం కాదు. బందరులో క్రైస్తవ మిషనరీగా పనిచేసిన ఎ.హెచ్. ఆర్డెన్ 1873లో ఇంగ్లీషువారి కోసం తెలుగు వ్యాకరణం ప్రచురించారు. తమ భాషలో నామవాచకానికి ముందు వచ్చే మాట తెలుగులో విభక్తిగా దాని వెనుక చేరుతుందని వారు నేర్చుకోవలసి వచ్చింది.

మనం ప్రతి పనికీ ముందు పలికే ‘బిస్మిల్లాహ్’నే చూడండి. అందులోని మొదటి అక్షరం ‘బి’ అరబ్బీలో ఇటువంటి అవ్యయమే. దానిని ఇంగ్లీషువారు ‘ఇన్’ అని, ఉర్దూవారు ‘సే’ అని, తెలుగువారు ‘తో’ అని అనువదిస్తారు. మూడూ సరైనవే. ఏ భాష అయినా సంబంధాలను తనకు తోచిన రీతిలో విభజించుకుంటుంది.

కనుక పిల్లలచేత ‘విత్ అంటే తో’ అని వల్లె వేయించవద్దు. క్రియను, దాని వెంట వచ్చే అవ్యయాన్ని జంటగా, పూర్తి వాక్యంలో రాయించండి. ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు చేయగల పని కూడా ఒకటుంది. బిడ్డ ‘దగ్గర’ అన్నప్పుడు, “ఏ దగ్గర? పక్కన ఉందా, వారి చేతిలో ఉందా?” అని అడగండి. ఆ ప్రశ్నకు మన ఇంటి భాష చాలు. సమాధానం తేలితే సరైన ఇంగ్లీషు మాటను బిడ్డే ఎంచుకుంటుంది.

ఆ తల్లికి మేము చెప్పినది ఇదే: అమ్మా, మీ అమ్మాయికి ‘దగ్గర’ అన్న మాట రెండు అర్థాలలోనూ తెలుసు. ఆ రెండూ వేర్వేరని ఆమెకు చూపించవలసినది మీరే.