పాముకి దాహమేస్తే పాలు పోస్తారా?

"పాము పాలు తాగదని మీ పుస్తకాల్లో రాసుకోండి, నేను కళ్ళారా చూశాను." నాగుల చవితి దగ్గరపడిందంటే నాకు ఈ మాట ఎవరో ఒకరి నోట వినపడాల్సిందే. నిజం చెప్పాలంటే వాళ్ళు అబద్ధమాడటం లేదు. పాము తాగింది, వాళ్ళు చూశారు. మన హేతువాద మిత్రులేమో "పాము పాలు తాగదు" అని ఒక్క ముక్క అనేసి చేతులు దులుపుకుంటారు. సరిగ్గా ఆ ముక్కతోనే వాదన ఓడిపోతున్నాం. అడగాల్సింది తాగిందా లేదా అని కాదు, ఎందుకు తాగింది అని.

దాహంతో తాగింది. పండక్కి కొన్ని వారాల ముందే దాన్ని పట్టి, కోరలు పీకి, కొన్నిచోట్ల నోరు కూడా కుట్టేసి, చుక్క నీళ్ళు ఇవ్వకుండా బుట్టలో పడేస్తారు. పండగనాడు కుట్లు విప్పి గిన్నె ముందు పెడితే, అందులో ఉన్నది పాలా, గంజా అని చూసుకునే స్థితిలో అది ఉండదు. ఎండకి సొమ్మసిల్లినవాడు మురిక్కాలవ నీళ్ళు తాగితే, మనిషికి మురుగంటే ప్రీతి అని రాసుకుంటామా?

1995 సెప్టెంబరు 21న దేశమంతా వినాయకుడి విగ్రహాలు పాలు తాగాయని ఊగిపోయింది. తలతన్యత గురించి మనవాళ్ళు గొంతు చించుకున్నారు. పోనీలెండి, విగ్రహానికి కడుపునొప్పి రాదు. పాముకి వస్తుంది.

పాలిచ్చి పెంచే జంతువుల పిల్లలకి పాలలోని చక్కెరని విడగొట్టే ఎంజైమ్ ఉంటుంది. గుడ్డులోంచి బయటపడి ఆ రోజునుంచే తన బతుకు తాను చూసుకునే నాగుపాముకి దాని అవసరం ఏముంది? అరగని పాలు పేగుల్లో పులుస్తాయి, విరేచనాలవుతాయి, ఒంట్లో మిగిలిన కాస్త నీరూ పోతుంది. అంటే దాహానికని పోసింది దాహాన్నే పెంచుతోంది. ఇక నోరు తెరిచి బలవంతంగా పోస్తే సంగతి ఇంకా ఘోరం. పాము శ్వాసనాళం నోట్లో బాగా ముందుకి తెరుచుకుని ఉంటుంది. పాలు నేరుగా ఊపిరితిత్తిలోకి పోతాయి. దానికి సరిగ్గా పనిచేసేది దాదాపుగా కుడివైపు ఊపిరితిత్తి ఒక్కటే. ఇంత చేశాక పైన పసుపు, కుంకుమ చల్లి దణ్ణం పెడతాం!

నీరు తగ్గిన పాముని గుర్తుపట్టడం కష్టమేం కాదు. చర్మం ముడతలు పడుతుంది, కళ్ళు లోపలికి పోతాయి, నోట్లో లాలాజలం జిగురుగా తీగలు సాగుతుంది, కుబుసం ఒక్కసారిగా ఊడకుండా ముక్కలుగా అంటుకుపోతుంది. తెలిసిన పశువైద్యుడు ముందు నీటి సంగతి చూస్తాడు. తల పైనుండేలా లోతులేని గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచుతాడు. అవసరమైతే బరువుని బట్టి లెక్కగట్టి చర్మం కింద సెలైన్ ఎక్కిస్తాడు. ఒళ్ళు కోలుకునేదాకా తిండి పెట్టడు. పాముకి సొంత వేడి లేదు కదా, బయటి వేడి చాలకపోతే మింగింది అరగక కడుపులోనే కుళ్ళుతుంది, లేదా కక్కేస్తుంది. కక్కిన పాముకి వెంటనే మళ్ళీ తినిపించకూడదు, కొన్నాళ్ళు ఆగాలి. ఇవన్నీ శిక్షణ ఉన్నవాళ్ళు చెయ్యాల్సిన పనులు, మీరూ నేనూ కాదు. మనం చెయ్యగలిగింది అటవీశాఖకో, హైదరాబాదులో అయితే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకో ఫోన్ చెయ్యడం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నాగుపాముని పట్టడం, బుట్టలో పెట్టుకు తిరగడం నేరం.

ఇక్కడ కొందరు భక్తులు వెంటనే పాములవాడి మీద విరుచుకుపడతారు. వాడు దుర్మార్గుడట, వీళ్ళు పుణ్యాత్ములట. అయ్యా, మీ పది రూపాయల కోసమే కదా ఆ బుట్ట మీ గుమ్మం దాకా వచ్చింది! పాములు పట్టే విద్య ఉన్నవాళ్ళకి వేరే దారి చూపించడం అసాధ్యమేమీ కాదు. తమిళనాడులో ఇరులర్ల సహకార సంఘం 1978 నుంచి నడుస్తోంది. లైసెన్సుతో పాముల్ని పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదులుతారు. ఆ విషం పాముకాటు మందు తయారీకి వెళ్తుంది. మన దగ్గర ఇలాంటిది కావాలని ఏ భక్త సమాజమైనా ఒక్క అర్జీ పెట్టిందా?

"ఆచారం జోలికి రావద్దు" అంటారు. చిమ్మిలి, చలిమిడి చేసుకోండి, పిల్లలకి పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. రాజ్యాంగంలో 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పౌరుడి విధి అంది. అంతకు ముందు ఉపవాక్యంలోనే ప్రాణుల పట్ల దయ కూడా విధే అంది. మొదటిది మీకు నచ్చకపోతే పోనీ, రెండోదానితో పేచీ ఏమిటి?

పాముల బుట్టల్ని ఆవరణలోకి రానివ్వొద్దని మా వీధి గుడి కమిటీకి కాగితం రాసిచ్చాను. "చూద్దాం" అన్నారు. చవితికి వారం ముందు మళ్ళీ వెళ్తాను.