ఐదింటికే చీకటి, అడగడానికి సభ లేదు

డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్‌లో సాయంత్రం ఐదింటికే పొద్దు గుంకుతుంది. గడియారం మాత్రం ఢిల్లీదే. కొలువు ముగించుకొని వచ్చే యువతకు అప్పటికే రాత్రి. ఇక మిగిలేది మెరీనా పార్కు తీరం, అబర్డీన్ బజారు, కచేరీ వినాలంటే పాలనాయంత్రాంగం జరిపే పర్యాటకోత్సవ వేదిక. అదీ ప్రధానంగా అతిథుల కోసమే! 2024 సెప్టెంబరులో కేంద్రం ఈ నగరాన్ని శ్రీవిజయపురంగా మార్చింది. పేరు మార్చడానికి ఒక్క ప్రకటన చాలింది. 2011 జనగణన ప్రకారం ఈ దీవుల్లో తెలుగువారే సుమారు 13 శాతం. అందరికీ కలిపి లోక్‌సభ స్థానం ఒక్కటే, శాసనసభ లేదు. పురపాలక మండలి ఉన్నా దాని అధికారాలు స్వల్పం. రాత్రివేళ అదనంగా ఒక బస్సు కావాలన్నా, ఒక సంగీత మందిరం కావాలన్నా ఇక్కడి యువత చివరకు అర్జీ పెట్టుకోవలసింది ఢిల్లీ నియమించిన పాలకులకే.