ఓడింది జట్టు, దొరికింది ముగ్గురు

"అభిమానం ఎక్కువై అన్నారండీ. ఓటమి బాధలో నోరు జారారు, అంతే."

ఏ దేశం ఏ ఆటలో ఓడినా, ఆ రాత్రి ఆటగాళ్ళ మీద బూతులవాన కురిస్తే, మర్నాడు వినపడే సమర్థన ఇదే. మన ఆఫీసు కాంటీన్లలో కూడా ఇదే మాట. ఇది శుద్ధ అబద్ధమని నా వాదన. ఊరికే అనట్లేదు, లెక్క చూపిస్తాను. కాస్త ఓపిక పట్టండి.

2021 జూలై 11. లండన్, వెంబ్లీ స్టేడియం. యూరో 2020 ఫైనల్ (కరోనా వల్ల ఏడాది ఆలస్యమైంది, పేరు మాత్రం మార్చలేదు). ఇంగ్లండు, ఇటలీ. 1966లో వరల్డ్ కప్ గెలిచాక ఇంగ్లండు పురుషుల జట్టు ఒక పెద్ద టోర్నమెంటులో ఫైనల్ దాకా రావడం అదే మొదటిసారి. యాభై ఐదేళ్ళ ఎదురుచూపు. రెండో నిమిషంలోనే ల్యూక్ షా గోల్ కొట్టేశాడు. ఇంకేముంది, కప్పు ఇంటికొచ్చేసినట్టే అనుకున్నారు జనం. 67వ నిమిషంలో బొనూచి సమం చేశాడు. అదనపు సమయంలోనూ తేలలేదు. పెనాల్టీలకి వెళ్ళింది. ఇటలీ 3, ఇంగ్లండు 2.

ఇంగ్లండు తరఫున మొదటి రెండూ కేన్, మగ్వైర్ కొట్టారు. తర్వాత రాష్‌ఫోర్డ్ కొట్టిన బంతి గోల్ స్తంభానికి తగిలింది. సాంచో, సాకా కొట్టినవి ఇటలీ గోల్‌కీపర్ డోన్నరుమ్మ ఆపేశాడు. ముగ్గురూ నల్లజాతి కుర్రాళ్ళు. సాకాకి అప్పటికి 19 ఏళ్ళు. మన దగ్గరైతే ఇంజనీరింగ్ సెకండియర్ చదివే వయసు.

ఆ రాత్రే వాళ్ళ ఖాతాల కింద కోతి బొమ్మలు, అరటిపండు బొమ్మలు, "మీ దేశానికి పొండి" అనే రకం రాతలు మొదలయ్యాయి. ఏ దేశానికి పోవాలండీ? రాష్‌ఫోర్డ్ పుట్టింది మాంచెస్టర్లో. మిగతా ఇద్దరూ లండన్లో పుట్టినవాళ్ళు. నాలుగు రోజుల తర్వాత సాకా రాసిన లేఖలో ఒక విషయం ఉంది: తనకి ఎలాంటి ద్వేషం ఎదురుకాబోతోందో ఆ క్షణంలోనే తెలిసిపోయిందట. అంటే ఆ కుర్రాడికి ఇది కొత్త కాదన్నమాట. ఆవేశం ఎప్పుడు, ఎటు పోతుందో ముందే చెప్పడం కష్టం. దీన్ని మాత్రం పంతొమ్మిదేళ్ళవాడు మైదానంలో నిలబడే చెప్పగలిగాడు.

సరే, లెక్కకొద్దాం. బగ్ పట్టుకోవాలంటే మనం ఏం చేస్తాం? ఒకే ఇన్‌పుట్ ఇచ్చి రెండు చోట్ల రన్ చేస్తాం. అవుట్‌పుట్ వేరేగా వస్తే ఆ రెండు చోట్లకీ తేడా ఏంటో వెతుకుతాం. తిట్లకి కారణం ఓటమి బాధే అయితే, అదే బాధ పెట్టిన ఎవడికైనా అవే తిట్లు రావాలి కదా?

2022 డిసెంబరు 10, ఖతార్ వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్. ఫ్రాన్స్ 2, ఇంగ్లండు 1. 84వ నిమిషంలో స్కోరు సమం చేసే పెనాల్టీ దొరికింది. కొట్టినవాడు కెప్టెన్ హారీ కేన్. బంతి బార్ మీదుగా ఎగిరిపోయింది. ఇంగ్లండు ఇంటికి పోయింది. కేన్‌ని ఎవరూ ఏమీ అనలేదని నేననను. జోకులేశారు, విమర్శించారు, తిట్టినవాళ్ళూ ఉండే ఉంటారు. కానీ "నువ్వసలు మావాడివేనా?" అనే ప్రశ్న పుట్టిందా? లేదు.

అంత దూరమెందుకు, ఆ 2021 జట్టు కోచ్ గారెత్ సౌత్‌గేట్‌నే చూడండి. 1996 యూరో సెమీఫైనల్లో, అదే వెంబ్లీలో, జర్మనీ మీద పెనాల్టీ పోగొట్టిన ఘనుడు ఆయనే. ఏళ్ళ తరబడి ఆ మచ్చ మోశాడు, నిజమే. కానీ తర్వాత అదే విషయం మీద ఒక పిజ్జా ప్రకటనలో నటించి నవ్వించాడు కూడా. తప్పు చేసి నవ్వులపాలవడం వేరు, తప్పు చేసి పౌరసత్వం పోగొట్టుకోవడం వేరు. మొదటిది కేన్‌కీ సౌత్‌గేట్‌కీ దక్కింది. రెండోది సాకా వాళ్ళకి దక్కింది.

ఇన్‌పుట్ ఒకటే: పెనాల్టీ పోయింది, టోర్నమెంటు పోయింది. అవుట్‌పుట్ మాత్రం వేరు. బగ్ ఎక్కడుందో ఇంకా చెప్పాలా?

ఇంకా నమ్మకం కుదరకపోతే తేదీలు చూడండి. ఆ ఏడాది జూన్‌లో, టోర్నమెంటు మొదలవకముందే, మిడిల్స్‌బరోలో సన్నాహక మ్యాచ్‌లు జరిగాయి. జాతి వివక్షకి నిరసనగా ఇంగ్లండు ఆటగాళ్ళు మోకాలి మీద కూర్చుంటే, సొంత అభిమానుల్లోనే కొందరు హేళనగా అరిచారు. అప్పటి హోం మంత్రి ప్రీతి పటేల్ ఆ నిరసనని కొట్టిపారేస్తూ, అరవడం అరవకపోవడం జనం ఇష్టమన్నారు. ఫైనల్ తర్వాత ఆవిడే తిట్లని ఖండిస్తే, జట్టులోని టైరోన్ మింగ్స్ ఊరుకోలేదు: ముందు నిప్పు రాజేసి ఇప్పుడు అసహ్యం నటిస్తున్నారని నిలదీశాడు. ఓటమికి నెల ముందే అరుపులు ఉన్నప్పుడు, ఓటమి బాధ వల్ల అరిచారంటే ఎలా నమ్మేది? మంట ముందే ఉంది. ఓటమి దానికి గాలి విసిరింది, అంతే.

ఇక్కడ మన ఐటీ జనానికి ఇష్టమైన వాదన ఒకటొస్తుంది. "అబ్బే, అవన్నీ ఫేక్ ఐడీలండీ. పేరూ ఊరూ లేనివాళ్ళు, ఎక్కడో బయటి దేశాలవాళ్ళు. ఐడీ వెరిఫికేషన్ పెడితే సరి." టెక్నాలజీతో అన్నీ నయమవుతాయనుకోవడం మన వృత్తిరోగం. అప్పటి ట్విట్టర్ (ఇప్పుడు ఎక్స్) 2021 ఆగస్టులో తన విశ్లేషణ బయటపెట్టింది. తిట్లు అందరికన్నా ఎక్కువ వచ్చింది బ్రిటన్ నుంచే. శాశ్వతంగా తీసేసిన ఖాతాల్లో 99 శాతం, ఎవరివో గుర్తుపట్టగలిగినవే! ముసుగు తీసేస్తే మర్యాద వస్తుందన్న థియరీ అక్కడితో సరి. వాళ్ళు ముసుగే వేసుకోలేదు. దాచుకోవాల్సిన తప్పు చేస్తున్నామని అనుకోలేదు కాబట్టి.

అలాగని మన పరిశ్రమ చేతులు కడిగేసుకోడానికి వీల్లేదు. ఆ కోతి బొమ్మల్ని రిపోర్టు చేసినవాళ్ళలో కొందరికి, ఇవి మా నిబంధనలకి విరుద్ధం కాదని ఇన్‌స్టాగ్రామ్ నుంచి జవాబొచ్చింది. వాటిని పొరపాటున హానిలేనివిగా గుర్తించామనీ, సరిచేశామనీ ఆ సంస్థ అధిపతి ఆడమ్ మొసేరీ తర్వాత ఒప్పుకున్నాడు. కోతి బొమ్మ జూ ఫొటో కింద ఉంటే ఒక అర్థం, ఒక నల్లజాతి ఆటగాడి ఫొటో కింద వెయ్యిసార్లు ఉంటే ఇంకో అర్థం. ఇది తెలుసుకోడానికి రాకెట్ సైన్స్ కావాలా? ఇలాంటి ఫిల్టర్లు రాసేవాళ్ళు, టెస్టు చేసేవాళ్ళు మనలోనే బోలెడంతమంది. టెస్ట్ కేసుల్లో ఇది ఎందుకు లేదో మనల్ని మనం అడుక్కోవాలి.

పోనీ ఇది ఒక్క ఇంగ్లండు జబ్బా అంటే, అదీ కాదు. 1950 వరల్డ్ కప్ ఆఖరి మ్యాచ్, రియో లోని మరకానా. దాదాపు 2 లక్షల జనం. డ్రా అయినా కప్పు బ్రెజిల్‌దే. ఉరుగ్వే 2-1తో గెలిచింది. బ్రెజిల్ జట్టులో ఎక్కువ నిందలు పడ్డది బార్బోసా, బిగోజీ, జువెనాల్. ముగ్గురూ నల్లజాతివాళ్ళే. గోల్‌కీపర్ బార్బోసా 2000లో చనిపోయేదాకా ఆ నింద మోశాడు. బ్రెజిల్లో అతిపెద్ద శిక్ష ముప్పై ఏళ్ళేననీ, తాను అంతకన్నా ఎక్కువే అనుభవించాననీ వాపోయాడు. ఆ తర్వాత ఒక నల్లజాతి గోల్‌కీపర్ బ్రెజిల్ మొదటి ఎంపికగా వరల్డ్ కప్ ఆడటానికి 2006లో డీడా దాకా ఆగాల్సొచ్చింది. ఒక్క గోల్‌కి అర్ధ శతాబ్దం!

2018లో జర్మనీ మొదటి రౌండులోనే ఇంటికి పోయింది. మాటలు పడ్డది ఎక్కువగా మెసుట్ ఓజిల్. టర్కీ అధ్యక్షుడితో ఫొటో దిగాడని అంతకుముందే గొడవ ఉంది. ఆ ఫొటో మీద విమర్శ న్యాయమే కావచ్చు. కానీ జట్టంతా చేతులెత్తేస్తే ఫొటో దిగినవాడు ఒక్కడే ఎలా దొరికాడు? గెలిస్తే జర్మనువాణ్ణి, ఓడితే వలసొచ్చినవాణ్ణి అని బాధపడుతూ అతను దేశం తరఫున ఆడటమే మానేశాడు.

ఫుట్‌బాల్ వాళ్ళే ఇంత, మన క్రికెట్ మర్యాదస్తుల ఆట అంటారా? హతవిధీ! అదే 2021, అక్టోబరు 24, దుబాయ్. టీ20 వరల్డ్ కప్‌లో పాకిస్తాన్ 10 వికెట్ల తేడాతో మనల్ని ఓడించింది. పది వికెట్లండీ. అంటే మనవాళ్ళు ఐదుగురు బౌలింగ్ చేసి ఒక్క వికెట్ కూడా తియ్యలేదు. ఐదుగురూ ఒకే పరీక్షలో ఒకే సున్నా తెచ్చుకున్నారు. మతం పేరెత్తి దేశద్రోహి అనిపించుకున్నవాడు మాత్రం ఒక్కడే, మహమ్మద్ షమీ. కెప్టెన్ కోహ్లి షమీ పక్షాన గట్టిగా మాట్లాడితే, అతని పసిపాపని కూడా వదల్లేదు. మళ్ళీ అదే పాట, అభిమానం ఎక్కువైందట!

"అయితే ఓడినా చప్పట్లు కొట్టాలా?" అంటారేమో. అక్కర్లేదు. నిలదీయండి, బాగా నిలదీయండి. రెండో నిమిషంలో గోల్ వచ్చాక ఇంగ్లండు ఎందుకలా వెనక్కి తగ్గి కూర్చుంది? రాష్‌ఫోర్డ్‌నీ, సాంచోనీ సరిగ్గా పెనాల్టీల ముందు దించితే కాళ్ళు ఎలా వేడెక్కుతాయి? ఐదోది, అన్నిటికన్నా బరువైనది, పంతొమ్మిదేళ్ళవాడికి ఎందుకిచ్చారు? ఇవి న్యాయమైన ప్రశ్నలు. వీటికి జవాబు చెప్పాల్సింది కోచ్. ఎవరు కొట్టాలో నిర్ణయించింది తానేనని సౌత్‌గేట్ ఆ రాత్రే ఒప్పుకున్నాడు కూడా. అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోతే, చివరి కమిట్ చేసిన ఫ్రెషర్ని పట్టుకుని వాడి కులం, ఊరు అడిగే మేనేజరు మేనేజరేనా? రివ్యూ ఎవరు చేశారు, అప్రూవల్ ఎవరిచ్చారు అని కదా అడగాలి.

అసలు అభిమానం ఎలా ఉంటుందో చూడాలంటే అదీ ఇంగ్లండులోనే ఉంది. మాంచెస్టర్లోని విథింగ్టన్‌లో రాష్‌ఫోర్డ్ గోడబొమ్మని ఆ రాత్రి ఎవరో పాడుచేశారు (ఆ రాతలు జాతికి సంబంధించినవి కావని పోలీసులు తర్వాత చెప్పారు). మర్నాటికల్లా చుట్టుపక్కల జనం, పిల్లలతో సహా వచ్చి, ఆ గోడనిండా హృదయాలు, ఉత్తరాలు అంటించారు. ఆగస్టులో సాకా ఆర్సెనల్ తరఫున టాటెన్‌హామ్ మైదానంలో దిగితే, ఆ జన్మవైరపు జట్టు అభిమానులే అతనికి మద్దతుగా బ్యానర్ పట్టి చప్పట్లు కొట్టారు. వాళ్ళకీ ఫైనల్ పోయింది. వాళ్ళకీ అదే బాధ. మరి వాళ్ళ నోరెందుకు జారలేదు?

2024 జూలై 6న యూరో క్వార్టర్ ఫైనల్లో ఇదే సాకా స్విట్జర్లాండ్ మీద 80వ నిమిషంలో స్కోరు సమం చేశాడు. తర్వాత పెనాల్టీ కూడా కొట్టాడు. ఇంగ్లండు గెలిచింది. "చూశారా, రుణం తీర్చుకున్నాడు" అని మెచ్చుకున్నారు కొందరు. రుణమేంటండీ? అతను ఎవరికీ ఏమీ బాకీ లేడు. రేపు మళ్ళీ పోగొడితే మళ్ళీ పరాయివాడైపోతాడా? గెలిచినంతకాలమే మనవాడంటే, అది కాంట్రాక్టు ఉద్యోగం అవుతుంది గానీ అభిమానం అవదు.

మళ్ళీ ఎక్కడో ఒక జట్టు ఓడుతుంది. మనదే ఓడొచ్చు. ఆ రాత్రి ఎవరైనా "ఆవేశంలో అన్నాళ్ళే" అంటే ఒక్క ప్రశ్న అడగండి: అదే తప్పు చేసిన పక్కవాణ్ణి కూడా ఇదే మాట అన్నావా? జవాబు లేకపోతే, అక్కడున్నది ఆవేశం కాదు. అదును కోసం కాచుకుని కూర్చున్న అక్కసు.