కుంటుతూనైనా నడుద్దాం



ఆరేళ్ల కిందట వానకు తడిసిన చేని గట్టు మీద జారి నా కుడి మోకాలు మెలి తిరిగింది. ఎముకల మధ్య మెత్తలా ఉండే మినిస్కస్ చిరిగిందని డాక్టరు చెప్పారు. అంతవరకు ఊరి నుంచి ఊరికి నడిచే వెళ్లేవాణ్ణి.

మొదటి ఏడాది రెండు తప్పులు చేశాను. నొప్పిని లెక్కచేయకుండా నడవడమే విశ్వాసం అనుకున్నాను. మోకాలు కుండలా వాచింది. తర్వాత భయపడి నాలుగు నెలలు మంచం దిగలేదు. తొడ కండ సన్నబడింది. మోకాలికి ఆసరా ఆ కండే కాబట్టి నొప్పి ఇంకా పెరిగింది.

మన అనంతపురం రైతు ఎండాకాలంలో చీనీ చెట్టుకు బోరు నీళ్లన్నీ ఒక్కరోజే పారించడు. అలాగని ఎండనివ్వడు. డ్రిప్పుతో కొంచెం కొంచెంగా ఇస్తాడు. మోకాలికీ అంతే. కీలులోని మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు. మనం కదిలినప్పుడు కీలులో ఉండే ద్రవం నుంచే దానికి పోషణ అందుతుంది. నడక పూర్తిగా మానేసినా చేటే, హద్దు మీరినా చేటే.

ఇప్పుడు ఎండ ఎక్కకముందే సమంగా ఉన్న బాటలో అరగంట నడుస్తాను. వెల్లకిలా పడుకొని, కాలు చాచి, అడుగు ఎత్తు లేపి దించుతాను. నొప్పి కుడి మోకాలిలో గనుక కర్ర ఎడమ చేత పడతాను. మరుసటి ఉదయానికి వాపు కనిపిస్తే ఆ రోజు దూరం తగ్గిస్తాను. బరువున్నవాళ్లు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. మందుల షాపులో నొప్పి బిళ్లలు అడిగి తెచ్చుకొని నెలల తరబడి మింగకండి. అవి కడుపునూ మూత్రపిండాలనూ పాడుచేస్తాయి. మోకాలు బిగుసుకుపోయినా, జ్వరంతో వాచినా వెంటనే డాక్టరుకు చూపించండి.

మా ఊళ్లో ఒక అవ్వ మందిరానికి రావడం మానేసింది. కర్ర పట్టుకుంటే నలుగురూ ఏమంటారోనని సిగ్గు. చాప మీద కూర్చోలేను, మోకాళ్లూనలేను, ఇంకేం ప్రార్థన అని బాధ. ఆమెకు నొప్పి కన్నా ఈ రెండే ఎక్కువ కీడు చేశాయని నా అభిప్రాయం. కుర్చీలో కూర్చొని చేసిన ప్రార్థన తక్కువదేమీ కాదు.

యాకోబు పెనూయేలు దగ్గర కుంటుతూ నడిచాడని మనందరికీ తెలుసు. తర్వాతి అధ్యాయం కూడా చదవండి. ఏశావు తనతో రమ్మంటే, పిల్లలూ మందలూ నడవగలిగినంత మెల్లగా వస్తానన్నాడు. అతని ప్రయాణం ఆగలేదు.

మీ వీధిలోనూ ఇలా ఇంట్లోనే ఉండిపోయినవాళ్లు ఉంటారు. రేపు ఉదయం వెళ్లి పిలవండి. వాళ్ల అడుగుకు సరిపడా మీ అడుగు తగ్గించుకొని, వీధి చివరి వేపచెట్టు దాకా తోడుగా నడవండి.