ఒకనాటి ప్రపంచ వార్తలు

కళాశాల వార్షిక సంచికకు వ్యాసం ఇవ్వవలసిందని సంపాదక వర్గంలోని విద్యార్థులు కోరినప్పుడు, వారు నా నుండి ప్రబంధాలను గూర్చియో, నన్నయ శైలిని గూర్చియో నాలుగు పుటలు ఆశించి ఉంటారు. తెలుగు అధ్యాపకుడు టెలివిజన్‌ను గూర్చి రాయడమేమిటని మిత్రులకు ఆశ్చర్యం కలుగవచ్చును. అయినను రాయక తప్పడం లేదు. ఇందుకు కారణం మన తరగతి గదిలో ఒక విద్యార్థి వేసిన ప్రశ్న.

ఆ విద్యార్థి తండ్రి దమ్మాములో లారీ నడుపుతున్నాడు. పశ్చిమాసియాలో ఉద్రిక్తత ముదిరి, మన తెలుగు ఛానళ్ళన్నీ ఎర్రని అక్షరాలతో దద్దరిల్లుతున్న రోజులవి. పాఠం ముగిసిన తరువాత అతడు నా బల్ల వద్దకు వచ్చి, “సార్, మా అబ్బా ఫోన్ల ఒకటి చెప్తుండు, టీవీ ఇంకొకటి చెప్తుంది. ఏది నమ్మాలె?” అని అడిగాడు. తండ్రినే నమ్ముమని చెప్పి పంపివేశాను. కాని ఆ సమాధానం నాకే తృప్తి కలిగించలేదు. తండ్రి తన శిబిరపు గోడల మధ్య ఉన్నదే చెప్పగలడు. టెలివిజన్‌కు ఉపగ్రహాల కళ్ళున్నవి. అంత దూరం చూడగలిగినది ఒక లారీ డ్రైవరు మాట కంటె తక్కువ విశ్వాసపాత్రం ఎందుకయింది?

ఈ సంగతి తేల్చుకొనదలచి ఒక ఆదివారం నాడు ఫజర్ నమాజు ముగించుకొని, నోటుపుస్తకమొకటి చేతబట్టుకొని, టెలివిజన్ ముందు కూర్చున్నాను. రాత్రి పదకొండు దాటే వరకు లేవలేదు. (భోజనానికి లేచాననుకోండి. మా ఇంట్లోవారు మాత్రం, పరీక్ష పత్రాలు దిద్దడానికి ఈపాటి ఓపిక ఎందుకుండదని అడిగారు.) బి.బి.సి., అల్‌జజీరా, జర్మనీ వారి డి.డబ్ల్యు., ఫ్రాన్స్ 24, జపాను వారి ఎన్.హెచ్.కె. మున్నగు వాటిని, కొన్ని కేబుల్ ద్వారా, కొన్ని ఇంటర్నెట్ ద్వారా, మార్చి మార్చి చూశాను. మధ్యమధ్య మన తెలుగు ఛానళ్ళను, ఉర్దూ వార్తలను కూడా చూశాను.

ఉదయం నేను మొట్టమొదట గమనించిన విశేషమిది. కూలిన ఒక భవనం, దాని ముందు దుమ్ములో నిలబడిన ఒక ముసలమ్మ. ఈ దృశ్యం గంటన్నర వ్యవధిలో మూడు ఛానళ్ళలో కనిపించింది. దృశ్యం ఒక్కటే, కెమెరా నిలిచిన చోటు కూడా ఒక్కటే. వ్యాఖ్యానాలు మాత్రం మూడు. ఒకరికి ఆమె నష్టపోయిన పౌరురాలు. ఒకరికి దాడికి గురైన జాతికి ప్రతినిధి. మూడవవారి మాటల్లో ఆమె ప్రస్తావనే లేదు, సైనిక లక్ష్యం ఒకటి ధ్వంసమయిందన్న వాక్యం మీదుగా ఆమె బొమ్మ వెళ్ళిపోయింది. మధ్యాహ్నం తెలుగు ఛానల్‌లో ఆ ముసలమ్మే నాలుగవసారి కనిపించింది. అక్కడ ఆమె వెనుక యుద్ధ చిత్రాలకు తగిన సంగీతం కూడా మోగింది.

ఇందులోని మర్మం పెద్దదేమీ కాదు. ప్రపంచంలోని టెలివిజన్ సంస్థలలో అధిక భాగం విదేశీ దృశ్యాలను స్వయంగా చిత్రించవు. రాయిటర్స్, అసోసియేటెడ్ ప్రెస్, ఫ్రాన్స్ వారి ఎ.ఎఫ్.పి. వంటి కొద్దిపాటి వార్తాసంస్థల నుండి కొనుక్కుంటవి. దృశ్యం టోకు వర్తకుని వద్ద నుండి వస్తుంది, వ్యాఖ్యానం చిల్లర దుకాణంలో తయారవుతుంది. ఈ పరిస్థితిని గూర్చి ఆందోళన నేటిది కాదు. యునెస్కో నియమించిన మెక్‌బ్రైడ్ సంఘం 1980లోనే తన నివేదికలో, సమాచార ప్రవాహం కొన్ని సంపన్న దేశాల నుండి మిగిలిన దేశాలకు ఒకే దిశగా సాగుతున్నదని చెప్పింది. ఆ సంఘంలో మన దేశం నుండి పత్రికా సంపాదకుడు బి.జి. వర్గీస్, కొలంబియా నుండి నవలాకారుడు గాబ్రియేల్ గార్షియా మార్క్వెజ్ సభ్యులు. అలీన దేశాలు 1970వ దశకంలో తమలో తాము వార్తలు పంచుకొనుటకు ఒక ఉమ్మడి ఏర్పాటు కూడా చేసుకున్నవి. అది సర్కారీ ప్రకటనల మార్పిడిగా మిగిలిపోయిందని నా అభిప్రాయం. మంత్రిగారి ప్రసంగాన్ని ఏ దేశపు ప్రజలు మాత్రం ఆసక్తితో చూస్తారు?

అరబ్బు దేశాల కథ వేరుగా నడిచింది. సౌదీ సంస్థ ఒకదానితో కలిసి బి.బి.సి. నడిపిన అరబ్బీ టెలివిజన్ 1996లో మూతబడింది. ఆ దేశంలోని మరణశిక్షలను గూర్చిన ఒక డాక్యుమెంటరీ ఆ తగవుకు కారణం. ఉద్యోగాలు పోయిన పాత్రికేయులలో అనేకులు అదే సంవత్సరం నవంబరులో దోహాలో ప్రారంభమైన అల్‌జజీరాలో చేరారు. ఒక డాక్యుమెంటరీ ఒక ఛానల్‌ను మూయించి, ఇంకొక ఛానల్‌కు మనుషులను సమకూర్చింది. అల్‌జజీరా చెప్పేదంతా వేదవాక్కని నేననను. దానికి కూడా ఒక ప్రభుత్వపు ధనమున్నది, ఆ ప్రభుత్వానికి తన ఇరుగుపొరుగుతో లెక్కలున్నవి. కాని ఒక భాషవారు తమ ప్రాంతపు వార్తను తమ గొంతుతో చెప్పుకొనగలరని అది రుజువు చేసింది. ఆ అరబ్బు దేశాలలోనే లక్షలాది మన తెలుగువారు పనిచేస్తున్నారు. వారి వార్త ఎవరి గొంతులో వినిపిస్తున్నది?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల నుండి వచ్చినది కాదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో ప్రవేశించినప్పుడు నాకు నాలుగు మాసాలు. మా మామూజాన్ అప్పుడు కువైట్‌లో దర్జీ పనిలో ఉన్నారు. నెలన్నర పాటు ఆయన సంగతి ఎవరికీ తెలియలేదు. మా అమ్మీ చెప్పే కథలో ఆ నెలన్నర అంతా శబ్దాలే. నానాగారి రేడియోలో బి.బి.సి. ఉర్దూ వార్తలు అలలు అలలుగా వినబడి తగ్గిపోవడం, మట్టెవాడలో పొరుగువారింటి టెలివిజన్ చుట్టూ మూగిన వారి గుసగుసలు. తెర మీద ట్యాంకులు కనబడేవి, అధ్యక్షులు కనబడేవారు, చమురు ధర కనబడేది. దర్జీ కనబడలేదు. ఆయన బస్సులో ఇరాక్ దాటి, జోర్డాను రాజధాని అమ్మాను చేరి, అక్కడి నుండి విమానంలో బొంబాయికి వచ్చి, కాజీపేట స్టేషనులో దిగి, ఇంటి తలుపు తట్టేదాకా ఏ వార్తాసంస్థా ఆయనను గూర్చి చెప్పలేదు. ఆ రోజుల్లో ఎయిర్ ఇండియా విమానాలు దాదాపు 1,70,000 మంది భారతీయులను స్వదేశానికి చేర్చినవి. చరిత్రలో చెప్పుకొనదగిన ఇంత పెద్ద తరలింపు మీద, ఆ ప్రయాణికుల మాటల్లోనే సాగే సమగ్రమైన తెలుగు డాక్యుమెంటరీ ఒక్కటి కూడా నా కంటబడలేదు. మా మామూజాన్ ఇప్పుడు లేరు. ఆయన ఎడారిలో గుడారాల నడుమ గడిపిన రాత్రులు మా అమ్మీ జ్ఞాపకంలో మాత్రమే, అదీ సగం సగం, మిగిలినవి.

మనవారికి సాధనాలు లేవు గనుక ఇట్లా జరిగిందందామా? ఈ సమాధానం చరిత్రకు నిలువదు. నేటి విద్యార్థులలో ‘సైట్’ అనే పేరు విన్నవారు అరుదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా వారి ఎ.టి.ఎస్.–6 ఉపగ్రహాన్ని ఒక సంవత్సరానికి ఎరువు తెచ్చుకొని, మన దేశం ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు టెలివిజన్ ప్రసారాలను అందించింది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ళ గూళ్ళకు వాడేటటువంటి తీగవలతో చేసిన పెద్ద గొడుగుల వంటి ఏంటెనాలు నేరుగా ఆకాశం నుండి దృశ్యాలను అందుకున్నవి. అప్పటికి హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రమే లేదు. అది 1977లో వచ్చింది. నగరంకంటె ముందు పల్లె టెలివిజన్ చూసిన వింత మన రాష్ట్రంలో జరిగింది! ఉదయం గంటన్నర బడిపిల్లలకు. అందులో తెలుగు పిల్లల వంతు ఇరవైరెండున్నర నిమిషాలు. సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. హైదరాబాదులో తెలుగు కార్యక్రమాలను తయారుచేసే కేంద్రమొకటి నెలకొల్పారు. నన్ను అన్నిటికంటె ఆకర్షించిన విషయం, ఆ ఉపగ్రహంలో ఒకే దృశ్యానికి రెండు ధ్వని మార్గాలు ఉండడం. ఒకే బొమ్మను ఒక పల్లె ఒక భాషలో, ఇంకొక పల్లె వేరొక భాషలో వినడానికి ఆనాడే వీలు కల్పించారు.

ఆ తరువాత 1983 నవంబరు 14న హైదరాబాదు దూరదర్శన్‌లో శాంతిస్వరూప్‌గారు తొలి తెలుగు వార్తలు చదివారు. ఎదురుగా అక్షరాలు చూపే టెలిప్రాంప్టరు లేని ఆ రోజుల్లో ఆయన వార్తలను కంఠస్థం చేసి చెప్పేవారట. 2024లో ఆయన మరణించినప్పుడు మా ఇంటి పెద్దలు సొంత మనిషి పోయినట్లు మాట్లాడుకున్నారు. వాక్యాన్ని కంఠస్థం చేసినవానికి దానిలోని ప్రతి మాట బరువు తెలుస్తుంది. నేటి వార్తలలోని తెలుగు ఎందుకు పలచబడినదో చెప్పడానికి నాకు ఇంతకు మించిన వ్యాఖ్య తోచదు.

ఆదివారం సంగతికి వస్తాను. సాయంత్రం నాలుగు గంటలకు అరల్ సముద్రాన్ని గూర్చిన డాక్యుమెంటరీ ఒకటి చూశాను. ఆ రోజంతటిలో నన్ను కదలకుండా కూర్చోబెట్టినది అదొక్కటే. మధ్య ఆసియాలోని ఈ అరల్ ఒకనాడు ప్రపంచంలోని సరస్సులలో నాలుగవ పెద్దది. సోవియట్ ప్రభుత్వం పత్తి సాగు కోసం అము దర్యా, సిర్ దర్యా నదుల నీటిని 1960 ప్రాంతం నుండి భారీగా కాలువలకు మళ్ళించింది. నదులు చేరక సముద్రం వెనుకకు జరిగింది. 2007 నాటికి దాని విస్తీర్ణం ఒకప్పటిలో పదవ వంతుకు దిగజారింది. మొయ్‌నాక్ అనే రేవు పట్టణంలో ఇనుప పడవలు ఇసుకలో తుప్పు పట్టి పడి ఉన్నవి. వాటి నీడలో ఒంటెలు నిలబడినవి. ఉప్పుతో, పురుగుమందుల అవశేషాలతో కలిసిన ధూళి ఊళ్ళ మీద వీస్తున్నది.

పత్తి, పురుగుమందులు. ఈ రెండు మాటలు వరంగల్లువానికి వేరే ఎవరూ అర్థం చెప్పనక్కరలేదు. 1997–98లో మన జిల్లాలో పత్తి పంట పురుగుకు బలియై, అప్పుల పాలైన రైతులు ఆ పురుగుమందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడే దేశ విదేశాల పాత్రికేయులు వరంగల్లు పేరు నేర్చుకున్నారు. 2021లో రామప్ప గుడి ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు ఇంకొకమారు తలచుకున్నారు. మనం చస్తే వార్త, మన పూర్వులు చెక్కిన రాయి వార్త. నడుమ ఉన్న బతుకు వార్త కాదు. ఎనుమాముల మార్కెట్టుకు పత్తి బస్తాలు తెచ్చే రైతు ఈ అరల్ కథను చూసి ఉంటే, తన పంటకు ఎక్కడెక్కడి బంధుత్వమున్నదో గ్రహించేవాడు. కాని వ్యాఖ్యానం ఆంగ్లంలో ఉన్నది. జంతువుల మీద, యంత్రాల మీద తీసిన విదేశీ చిత్రాలకు తెలుగు వ్యాఖ్యానం దొరుకుతున్నది. సింహం జింకను ఎట్లా వేటాడునో మన రైతు తెలుగులో చూడవచ్చును. ఒక ప్రభుత్వం ఒక సముద్రాన్ని ఎట్లా ఎండగట్టినదో చూడవలెనంటే మాత్రం ఆంగ్లం రావలెను. 1975లో రెండు ధ్వని మార్గాలతో సాధ్యమైనది ఇప్పుడు వందల ఛానళ్ళతో సాధ్యం కాలేదంటే, లోపం యంత్రంలో లేదు. కొనేవారు లేరని వ్యాపారి, చూపేవారు లేరని ప్రేక్షకుడు, ఒకరినొకరు చూపుకొని ఊరుకున్నారు.

రాత్రి తెలుగు ఛానళ్ళు చూశాను. నలుగురు పెద్దలు నాలుగు గడులలో కూర్చుండి ఒక్కమారుగా మాట్లాడారు. ప్రపంచం అడుగున పాకే పట్టీలో ఉన్నది. 2017లో బి.బి.సి. వారు తెలుగు విభాగం ప్రారంభించి, ఈటీవీ ద్వారా అంతర్జాతీయ వార్తలు అందించడం మంచి ప్రయత్నమే. అది మనవారు చేయవలసిన పని గదా అని మాత్రం అనిపించింది. ఉర్దూ వార్తలలో పశ్చిమాసియా కొంత హెచ్చుగానే వినిపించింది, కాని అక్కడ కూడా రాజుల, మంత్రుల రాకపోకలే. గల్ఫ్ కార్మికుడు ఉభయ భాషలలోను ఒకే రూపంలో దర్శనమిస్తాడు: విమానాశ్రయంలో దించిన శవపేటికగా. నెల నెలా డబ్బు పంపుతూ, ఫోనులో కూతురికి ఎక్కాలు అప్పజెప్పించుకొనే మనిషిగా కనిపించడు.

మన కళాశాలలో శనివారం చివరి గంటను దీనికి కేటాయించవలెనని నా కోరిక. ఒక విదేశీ వార్తా ప్రసారం, ఒక డాక్యుమెంటరీలో కొంత భాగం చూపి, విద్యార్థులు అర పుట తెలుగులోనో, ఉర్దూలోనో రాయాలి. ఒకే దృశ్యాన్ని ఇద్దరు చెప్పిన తీరును పోల్చాలి. పరీక్షలకు ఇది అక్కరకు రాదని ఒక సహాధ్యాపకుడు అన్నారు. ఆ మాట నిజమే. ఫోనులో అన్నీ చూస్తున్నారు గదా, మళ్ళీ ఇదెందుకని ఇంకొకరన్నారు. ఫోను వారికి నచ్చినదే మళ్ళీ మళ్ళీ చూపుతుంది. పోల్చి చూడమని అడుగదు.

అనుమతి వచ్చేలోగా ఒక శనివారం పదకొండు మందితో ప్రయత్నించాను. అరల్ చిత్రంలో ఇరవై నిమిషాలు చూపి, నాకు చేతనయిన తెలుగులో పక్కన నిలబడి చెబుతూ పోయాను. పర్వతగిరి వైపు నుండి వచ్చే ఒక విద్యార్థిని, పత్తి చేను కలవారి బిడ్డ, తన అర పుట చివర ఒక ప్రశ్న రాసింది: ఆ చేపలు పట్టినవాళ్ళు ఇప్పుడేం పని చేస్తున్నారు? చిత్రం ఆ సంగతి చెప్పలేదు. నేను కూడా గమనించలేదు.

దమ్మాము విద్యార్థి ఆనాడు ఏమీ రాయలేదు. మరుసటి వారం ఒక కాగితం తెచ్చి ఇచ్చాడు. ప్రతి శుక్రవారం సెలవునాడు తండ్రి తన చుట్టూ జరుగుతున్నది ఉర్దూలో మాట్లాడి ఫోనులో పంపుతున్నాడట. కొడుకు దానిని తెలుగు చేశాడు. డీజిలు కోసం బారులు తీరడం లేదనీ, లారీలు నడుస్తున్నవనీ, వంటగదిలో కేరళవాళ్ళతో ఉల్లిగడ్డల లెక్క మీద తగాదా పడ్డారనీ అందులో ఉన్నది. ఒక అక్షర దోషం దిద్ది, దానిని ప్రకటనల బోర్డు మీద అంటించాము.