స్కూలును ఎంచుకున్నంత జాగ్రత్తగా లాయర్‌ను ఎంచుకుందాం



మా పాపను ఎల్‌కేజీలో చేర్చే ముందు ఐదు స్కూళ్లు తిరిగాం. ఫీజు ఎంత, క్లాసుకు ఎంతమంది, బస్సులో ఆయా ఉంటుందా, బాత్‌రూమ్‌లు శుభ్రంగా ఉన్నాయా అని అన్నీ అడిగాం. ఇంటికొచ్చి నోటుబుక్కులో రాసుకుని పోల్చి చూసుకున్నాం. ఏడేళ్ల తర్వాత విడాకుల కోసం లాయర్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చినప్పుడు మాత్రం నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "మనవాడేనమ్మా" అని బాబాయి పంపిన ఆయన ముందు కూర్చుని ఏడ్చాను. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాను.

ర్యాంకులు, యాన్యువల్ డే ఫొటోలు వచ్చే ఈ పత్రికలో ఈ సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. మీకు ఈ పేజీ అవసరం ఎప్పటికీ రాకూడదనే నా కోరిక. కానీ సాయంత్రం గేటు దగ్గర ఒంటరిగా నిలబడి, ఎవరికీ చెప్పుకోలేక ఇలాంటి నిర్ణయం మోస్తున్న అమ్మో నాన్నో మనలో ఉంటారు. నేనూ అలాగే నిలబడ్డాను. వారి కోసం రాస్తున్నాను.

ఇద్దరు లాయర్లు, రెండు దారులు

మొదటి లాయర్ గారు నా మాట పది నిమిషాలు విన్నారు. "రేపే టీసీ తీసేసుకుని పాపను మీ ఊరు తీసుకెళ్లిపోండి. అత్తామామల మీద కేసు పెడదాం, ఆయనే కాళ్లబేరానికి వస్తాడు" అన్నారు. మా ఇంట్లో జరిగినవి రాసుకున్నారు, జరగనివీ కలిపారు. ఆ కాగితం చదివినప్పుడు నా చెయ్యి వణికింది. పాప నాన్నతో నాకు కుదరలేదు, నిజమే. కానీ మా అత్తగారు నన్ను కొట్టారని ఎలా రాస్తాను? జ్వరం వస్తే మనవరాలి పక్కన రాత్రంతా కూర్చున్న మనిషి ఆవిడ.

ఆ కాగితం పక్కన పెట్టి, కొలీగ్ ఒకరు చెప్పిన మరో లాయరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ మొదట అడిగింది పాప గురించే. "పాప ఏ క్లాసు? పరీక్షలు ఎప్పుడు? రాత్రి ఎవరి దగ్గర పడుకుంటుంది?" ఆ తర్వాతే పెళ్లి ఎప్పుడైంది, గొడవ ఎక్కడ మొదలైంది అని అడిగారు. చివరికి ఒక మాటన్నారు: "మీరు విడిపోవచ్చమ్మా, పాపకు మాత్రం ఇద్దరూ కావాలి. అది ఒప్పుకుంటేనే మీ కేసు తీసుకుంటాను."

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మన పెద్దలు అంటారు. పిల్లలున్న ఇంట్లో గెలిచినవాళ్లతో పాటు పిల్లలూ ఏడుస్తారు. అందుకే విడాకుల్లో మనకు కావాల్సింది పోట్లాడి పెట్టే లాయర్ కాదు, దారి చూపే లాయర్ అని నా అభిప్రాయం.

అసలు లాయర్ అవసరమా?

"ఇద్దరూ ఒప్పుకున్నాక లాయర్ ఎందుకు, పెద్దమనుషులు చాలు" అని మా బంధువులు అన్నారు. చట్టం కూడా ఫ్యామిలీ కోర్టును లాయర్ల వాదనలకు కాస్త దూరంగానే ఉంచాలనుకుంది. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం ప్రకారం అక్కడ లాయర్‌ను పెట్టుకోవడం హక్కుగా రాదు, జడ్జిగారి అనుమతితోనే. ముందుగా రాజీకి ప్రయత్నించడం కోర్టు బాధ్యత. విచారణ గుట్టుగా, తలుపులు మూసి జరపాలని ఇద్దరిలో ఎవరు కోరినా కోర్టు అలాగే జరపాలి. నలుగురిలో పరువు పోతుందని భయపడేవారికి ఈ సంగతి తెలిస్తే సగం బెంగ తగ్గుతుంది.

అయినా లాయర్ సలహా కావాలనే అంటాను. ఎందుకంటే నోటిమాట ఒప్పందం మొదటి వేసవి సెలవుల దాకానే నిలబడుతుంది. పైగా ఏ చట్టం కింద పెళ్లి జరిగిందన్న దాన్ని బట్టి పద్ధతి మారుతుంది. హిందూ వివాహ చట్టం కింద పరస్పర అంగీకారంతో విడిపోవాలంటే కనీసం ఏడాది విడిగా ఉండి ఉండాలి. ఇద్దరూ కలిసి పిటిషన్ వేశాక ఆరు నెలల గడువుంటుంది. తగిన పరిస్థితుల్లో ఆ గడువును కోర్టు సడలించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు వచ్చేలోపు ఇద్దరిలో ఎవరైనా మనసు మార్చుకుని అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. ఈ మాత్రం తెలియక, ఒక సంతకంతో అంతా అయిపోయిందనుకుని డబ్బు, నగలు ఇచ్చేసి తర్వాత బాధపడేవాళ్లుంటారు.

తల్లో తండ్రో విదేశంలో ఉన్న కుటుంబాలకు ఇంకా జాగ్రత్త కావాలి. 1975లో తిరుపతిలో పెళ్లయిన ఒక జంటలో భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్ర కోర్టులో విడాకులు తెచ్చుకున్నారు. ఆ తీర్పు ఇక్కడ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడి లాయర్‌తో పాటు ఇక్కడి చట్టం తెలిసిన లాయర్‌నూ అడగకపోతే, ఒక దేశంలో విడాకులై మరో దేశంలో భార్యాభర్తలుగానే మిగిలిపోవచ్చు.

మొదటిరోజే అడగండి

అడ్మిషన్ కౌంటర్ దగ్గర అడగడానికి మొహమాటపడని మనం లాయర్ ఆఫీసులోనూ మొహమాటపడకూడదు. నా రెండో లాయర్‌ను నేను అడిగినవి ఇవి.

ఫ్యామిలీ కోర్టు కేసులు ఎక్కువగా చూస్తారా? వాయిదాలకు మీరే వస్తారా, జూనియర్‌ను పంపుతారా? మొత్తం ఫీజు ఎంత, ఏ దశలో ఎంత కట్టాలి? టైపింగ్, స్టాంపుల ఖర్చులు అందులో ఉన్నాయా, విడిగానా? రసీదు ఇస్తారా? రాజీ కుదిరి కేసు త్వరగా ముగిస్తే ఫీజు తగ్గుతుందా?

కొన్ని మాటలు వినగానే లేచి వచ్చేయొచ్చు. "మూడు నెలల్లో విడాకులు గ్యారంటీ" అనే మాట అందులో మొదటిది. తీర్పు ఇచ్చేది జడ్జిగారు, లాయర్ కాదు. "వచ్చే భరణంలో ఇంత శాతం నాకు" అనేది రెండోది. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడాన్ని, ప్రకటనలతో కేసులు పట్టడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. "ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి వెళ్లండి, తర్వాత నింపుతాం" అనేది మూడోది. వకాలత్ మీద సంతకం తప్పదు. కానీ పిటిషన్‌ను ఇంటికి తెచ్చుకుని, ఇంగ్లిష్ సరిగా రాకపోతే తెలిసినవారితో చదివించుకున్నాకే సంతకం చేయండి. అందులో ఉన్నవన్నీ మీరు చెప్పినట్టే లెక్క.

లాయర్ నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఫీజు బాకీ ఉందని కేసు కాగితాలు పట్టి ఉంచుకోవడానికి లాయర్‌కు హక్కు లేదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది.

డబ్బు లేక ఆగిపోయేవారికి ఒక మాట. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు, పిల్లలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి చట్టం ఇచ్చింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వొచ్చు, 15100కు ఫోన్ చేయొచ్చు. హిందూ వివాహ చట్టం కింద కేసు నడుస్తుండగా సరైన ఆదాయం లేనివారు, భార్య అయినా భర్త అయినా, మధ్యంతర భరణం, కోర్టు ఖర్చులు అడగవచ్చు. భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్‌లో చెప్పి తీరాలని 2020 నుంచి సుప్రీంకోర్టు ఆదేశం ఉంది. అందుకే జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లతో పాటు మన స్కూలు ఫీజు రసీదులూ జాగ్రత్త చేయండి.

పాప గురించి రాసే పేజీ

మా ఒప్పందపత్రంలో ఆస్తుల సంగతి ఒక పేజీ అయితే, పాప సంగతి మూడు పేజీలు. అలా ఉండాలని పట్టుబట్టింది మా లాయరమ్మే. ఆ మూడు పేజీలకే ఆవిడ ఫీజు మొత్తం ఇచ్చినా తక్కువే అనిపిస్తుంది.

"చదువు ఖర్చులు తండ్రి భరిస్తారు" అని ఒక్క వాక్యం రాస్తే చాలనుకున్నాను. ఆవిడ ఒక్కొక్కటే అడిగారు. ఏటా పెరిగే ఫీజు ఎవరు కడతారు? బస్సు ఫీజు, పుస్తకాలు, యూనిఫాం? ఫౌండేషన్ కోర్సులో చేర్చాలా వద్దా ఎవరు నిర్ణయిస్తారు? ఇంటర్‌లో హాస్టల్ అయితే? పద్దెనిమిదేళ్లు నిండే నాటికి ఏ పిల్లకూ డిగ్రీ పూర్తి కాదు, ఆ తర్వాత మాటేమిటి? మాకు గొడవలు వచ్చే చోట్లన్నీ ముందే కాగితం మీద తేలిపోయాయి.

సెలవులూ అంతే. ఒక ఏడాది దసరా నా దగ్గర, సంక్రాంతి వాళ్ల నాయనమ్మ ఊళ్లో. మరుసటి ఏడాది తిరగేసి. వేసవి సెలవులు సగం సగం. ప్రతి రాత్రి ఎనిమిదింటికి నాన్నకు ఫోన్, ఆ సమయంలో నేను పక్క గదిలో ఉండాలి. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుంది, జ్వరం వస్తే ఎవరికి ముందు చెప్పాలి, ఇవన్నీ రాసుకున్నాం.

పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న విషయంలో చట్టం అన్నిటికంటే ముందు చూసేది పిల్లల మేలు. ఐదేళ్లలోపు వారు సాధారణంగా తల్లి దగ్గర ఉండాలని 1956 చట్టం అంటుంది. ఆ పైన అమ్మ, నాన్న ఎవరికీ తిరుగులేని హక్కు లేదు. పరిస్థితులు మారితే ఉత్తర్వును మార్చమని కోర్టును అడగవచ్చు. "నాకేమీ వద్దు, వదిలేస్తే చాలు" అని కోపంలో రాసిచ్చే తల్లులకు మరో మాట: మీ భరణం మీరు వద్దనుకోవచ్చు, పిల్లల హక్కును మీరు వదిలేయలేరు.

స్కూలును సాక్షిగా లాగొద్దు

మన పిల్లలకు ఇంట్లో అన్నీ మారిపోతున్నప్పుడు మారకుండా ఉండేది క్లాస్‌రూమ్ ఒక్కటే. అదే బెంచీ, అదే స్నేహితురాలు, అదే లెక్కల టీచర్. ఆ చోటును కాపాడటం మన బాధ్యత. ప్రోగ్రెస్ కార్డు నాన్నకు చూపించొద్దని, అమ్మ వస్తే లోపలికి రానివ్వొద్దని టీచర్లను అడిగితే వాళ్లేం చేయగలరు? కోర్టు ఉత్తర్వు ఉంటే దాని కాపీ ఆఫీసులో ఇవ్వండి. లేకపోతే ఇద్దరి ఫోన్ నంబర్లూ ఇవ్వండి. విద్యా సంవత్సరం మధ్యలో టీసీ తీయమనే లాయర్‌ను కారణం అడగండి. పాప మేలుకు సంబంధించిన కారణం చెప్పలేకపోతే ఒప్పుకోవద్దు.

నేను చెప్పిన సామరస్యం అందరికీ కాదు, అదీ స్పష్టంగా చెప్పాలి. కొట్టే ఇంట్లో, పిల్లలకు ప్రమాదమున్న ఇంట్లో రాజీ మాటలతో కాలం గడపకూడదు. 181కి ఫోన్ చేయండి. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ కోరండి. అలాంటి చోట గట్టిగా పోరాడే లాయరే కావాలి. జరిగింది జరిగినట్టు రాయించండి, ఒక్క అక్షరం తగ్గించొద్దు. జరగనిది మాత్రం ఒక్క అక్షరం కూడా కలపొద్దు. ఎందుకంటే ఆ కాగితం ఏదో ఒకరోజు మన పిల్లలు చదువుతారు.

మా పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి. మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌కు మేమిద్దరం వచ్చాం, చెరో కుర్చీలో, మధ్యలో పాప. ఫిజిక్స్‌లో మార్కులు తగ్గాయని మేడమ్ మా ఇద్దరినీ కలిపి మందలించారు. బయటికొచ్చాక పాప "ఇద్దరికీ పడ్డాయి చీవాట్లు!" అని నవ్వింది. ఆ మొదటి కాగితం మీద సంతకం పెట్టి ఉంటే ఆ నవ్వు నాకు దక్కేది కాదు.

— ఒక తల్లి (కోరిక మేరకు పేరు ప్రచురించడం లేదు)