ఆళ్లగడ్డ కూలి, కువైట్ జీతం: తేడా ఎక్కడుంది?

"ఈడ దినామూ పనికి పోయినా మున్నూరే. ఆడికి పోతే నెలకు అరవై దినార్లంట, తిండీ వాళ్లదేనంట." ఆళ్లగడ్డ, చాగలమర్రి పల్లెల్లో ఈ మాట వినని వ్యవసాయ కార్మికుడుండడు. చాగలమర్రి దాటితే కడప జిల్లా. అక్కడి నుండి కువైట్‌కు పోవడం కొన్ని దశాబ్దాల నాటి సంగతి. పోవద్దని చెప్పడం మన ఉద్దేశం కాదు. అయితే లెక్క సరిగా వేసుకోవాలి గదా!

ఇళ్లలో పనిచేసేవారికి కువైట్ ప్రభుత్వం 2016లో నిర్ణయించిన కనీస జీతం 60 దినార్లు. దినారుకు 275 రూపాయల చొప్పున 16,500. ఇక్కడ 2025-26కు కేంద్రం ప్రకటించిన ఉపాధి హామీ కూలి రోజుకు 307. నెలలో 26 దినాలు పని దొరికిందనుకుంటే 7,982. రెట్టింపు పైనే తేడా! కానీ గంటల లెక్కకు రండి. కువైట్ చట్టమే ఇంటిపనికి రోజుకు 12 గంటల దాకా ఒప్పుకుంటుంది. అంటే గంటకు 53 రూపాయలు. ఇక్కడ 8 గంటలకు 307 అంటే గంటకు 38. పదిహేను రూపాయల తేడా కోసం సముద్రం దాటుతున్నారా?

కాదు. అసలు సంగతి దినాల్లో ఉంది. అక్కడ పన్నెండు నెలలూ పని, ఇక్కడ 2025-26లో ఉపాధి హామీ నూరు దినాలూ పూర్తిగా దొరికినా వచ్చింది 30,700. మిగతా రోజులు నాట్లు, కలుపు, కోతల మీద ఆధారపడాల. కె.సి. కాలువకు రెండో పంటకు నీళ్లు రాలేదంటే ఆ కూలీ పోయినట్టే. కాబట్టి మనవాళ్లను కువైట్‌కు తోలేది దినారు కాదు, పని లేని దినాలు.

ఇంకొకటి. 2016లో దినారు సుమారు 220 రూపాయలు. అప్పుడు అరవై దినార్లంటే 13,200. రూపాయి పడిపోయింది గనుక జీతం పెరిగినట్టు కనబడుతుంది. ఇంటికొచ్చే డబ్బుతో కొనే బియ్యం, నూనె ధరలు మాత్రం నిలబడి లేవు.

ఖర్చు సంగతి చూద్దాం. ఇంటిపని వీసా మీద పోయినవారికి తిండి, వసతి యజమానివే. 2015 చట్టం ప్రకారం వారానికొక సెలవు ఇయ్యాల, పాస్‌పోర్టు దాచుకోకూడదు. కాగితం మీద బాగానే ఉంది. నాలుగు గోడల మధ్య దాన్ని చూసేదెవరు? కఫీల్‌ను కాదని బయటికొస్తే పరారీ కేసు! కంపెనీ పనివారి బతుకు ఇంకొక రకం. ఒక్కో గదిలో పలువురిని కుక్కితేనే నాలుగు దినార్లు మిగిలేది. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడి 45 మంది మన దేశస్థులు చనిపోయారు. అందులో ముగ్గురు మన రాష్ట్రంవాళ్లు.

అప్పు వడ్డీని ఎవరూ లెక్కలో వేయరు. నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చి దళారికిస్తే నెలకు 3,000. అంటే పదకొండు దినార్లు, జీతంలో ఆరో వంతుకు పైగా వడ్డీకే! 1983 వలస చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి వసూలు చేయకూడదు. రసీదు ఇయ్యాల. లక్ష అడిగేవాడిని రిజిస్ట్రేషన్ నెంబరు అడగండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి పది లక్షలు వస్తాయి. రెండేండ్లకు ప్రీమియం 275 రూపాయలు, అంటే ఒక్క దినారు. ఆ కాగితం చేతికొచ్చిందా లేదా అన్నది విమానం ఎక్కక ముందే ఇంట్లోవాళ్లు చూసుకోవాల.